పానకమూ, కొయినా, పెదనాన్న నెత్తురూ

2011 శ్రీరామ నవమి. భద్రాచలంలో మిథిలా స్టేడియం ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. కల్యాణ ముహూర్తానికి ఇంకా గంట సమయం ఉంది. అప్పటికి అరవై రెండేళ్ళ వయసున్న మా పెదనాన్నగారు, తెల్లవారుజామున గోదావరిలో స్నానం చేసి, కల్యాణం చూసేదాకా ఏమీ ముట్టనని నియమం పెట్టుకుని, నా పక్కన వరుసలో నిలబడి ఉన్నారు. ఏజెన్సీ ఊళ్ళలో ముప్పై ఏళ్ళకు పైగా పంతులుగా పనిచేసిన మనిషి. మాట తూకం తప్పని మనిషి. అటువంటి ఆయన ఉన్నట్టుండి ముందున్న వ్యక్తి భుజం పట్టుకుని, "లెక్కలు చూపించకుండా ఎక్కడికిరా పోయేది?" అని గద్దించారు. చొక్కా తడిసి ముద్దయింది. చేతులు వణుకుతున్నాయి. నేను "పెదనాన్నా!" అని కదిపితే నన్ను గుర్తు పట్టలేదు.

చుట్టూ ఉన్నవాళ్ళు రెండడుగులు వెనక్కి జరిగారు. "పండగ పూట పొద్దున్నే పోశాడు పెద్దమనిషి" అని ఎవరో అన్నారు. ఎండదెబ్బ అన్నారు ఇంకొకరు. ఒక పెద్దావిడ "స్వామి పూనాడు" అని చేతులు జోడించింది కూడా. నాకు అవమానమూ భయమూ కలిసి కాళ్ళు ఆడలేదు. అప్పుడు బాట పక్కన తాటి ముంజలు అమ్ముకుంటున్న ఒక కోయ స్త్రీ లేచి వచ్చి ఆయన ముఖం పరీక్షగా చూసింది. "సారు తాగలేదయ్యా. మా ఇంటాయనకూ ఇట్టనే అయిద్ది, షుగరు బిళ్ళ మింగి బువ్వ తినకపోతే. తీపి పొయ్యండి ముందు" అన్నది. పక్క పందిట్లో భక్తులకోసం గంగాళాలలో కలిపి పెట్టిన పానకం ఉంది. రెండు గ్లాసులు నెమ్మదిగా తాగించాం. పావుగంటకు ఆయన కళ్ళలోకి మనిషి తిరిగి వచ్చాడు. "ముహూర్తం అయిపోయిందా?" అని అడిగారు.

అన్నం మానినా మందు మానకూడదు గదా అని, ఆ ఉదయం గ్లిబెన్‌క్లమైడ్ బిళ్ళ మాత్రం యథావిధిగా వేసుకున్నారట!

ఆ బెల్లం నీళ్ళ గ్లాసు పట్టుకుని నేను చాలా దూరం వెనక్కి నడిచాను. ఈ టపా ఆ నడక గురించి. నేను వైద్యుణ్ణి కాను. చరిత్ర చదువుకున్నవాణ్ణి. కాని మా ఇంట్లో జరిగిన రెండు సంఘటనలను కలిపి చూస్తే, ఒక మనిషి నెత్తురులో ఒక ప్రాంతపు చరిత్ర ఎట్లా దాగి ఉంటుందో నాకు మొదటిసారి అర్థమైంది.

*

మధుమేహం మనకు కొత్త మాట కాదు. చరక సుశ్రుతుల కాలంనుండీ తేనె వంటి మూత్రాన్ని గురించి మన వైద్య గ్రంథాలు చెబుతూనే ఉన్నాయి. కాని చక్కెర ఎక్కువ కావడానికి పేరున్నట్టు, తక్కువ కావడానికి మన భాషలో వాడుక పేరు లేదు. ఇవాళ్టికీ ఖమ్మం జిల్లా పల్లెల్లో దాన్ని "లో షుగరు" అనే అంటారు. ఇందులో వింతేమీ లేదు. మధుమేహం ఉన్నవాడికి రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడమనేది మందు రాకముందు ఎవరి ఊహకూ అందని సంగతి. ఆ జబ్బు మందుతో పాటే పుట్టింది.

పుట్టిన చోటు కెనడాలోని టొరాంటో. 1921 వేసవిలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు కుక్కల క్లోమంనుండి తీసిన రసంతో ప్రయోగాలు మొదలుపెట్టారు. ఆ ఏడాది చివర కాలిప్ అనే రసాయనవేత్త వారితో చేరి, ఆ రసాన్ని శుద్ధి చేస్తూ కుందేళ్ళమీద పరీక్షించాడు. మందు ఎక్కువైన కుందేళ్ళు గిలగిల కొట్టుకుని మూర్ఛపోయేవి. గ్లూకోజు ఎక్కిస్తే లేచి కూర్చునేవి. 1922 జనవరి 11న లెనార్డ్ థామ్సన్ అనే పద్నాలుగేళ్ళ బాలుడికి మొదటి సూది వేశారు. అది సరిగ్గా పనిచేయలేదు. కాలిప్ శుద్ధి చేసిన మందుతో జనవరి 23న మళ్ళీ వేస్తే పనిచేసింది. ఆ తరువాత ఇన్సులిన్‌కు కొలత కావలసి వచ్చినప్పుడు ఆ కుందేలునే కొలబద్దగా తీసుకున్నారు. ఇరవై నాలుగు గంటలు పస్తుంచిన రెండు కిలోల కుందేలుకు మూర్ఛ తెప్పించేంత మందు ఒక యూనిట్. ఇవాళ కోట్లమంది సిరంజిలమీద చూస్తున్న ఆ యూనిట్ వెనుక మొదట ఉన్నది ఒక పస్తున్న ప్రాణి మూర్ఛ అని తెలిసినప్పుడు నాకు ఆ నవమి వరుస గుర్తుకు రాకుండా ఎట్లా ఉంటుంది?

పెదనాన్నగారు మింగిన బిళ్ళది వేరే కథ. అది మొదలైంది 1942లో, యుద్ధకాలపు ఫ్రాన్సులో, మాంపెలియే నగరంలో. టైఫాయిడ్ రోగులకు ఒక కొత్త సల్ఫా మందు ఇచ్చి చూస్తుండగా, కొందరు రోగులు వణికి, చెమటలు పట్టి, స్పృహ తప్పారు. కొందరు చనిపోయారు కూడా. జాంబాన్ అనే వైద్యుడు అది రక్తంలో చక్కెర పడిపోవడమని గుర్తించాడు. అదే నగరంలోని లుబాతియేర్ ఆ మందు క్లోమంచేత ఇన్సులిన్ విడుదల చేయిస్తున్నదని కుక్కలపై నిరూపించాడు. టైఫాయిడ్ రోగులను చంపిన గుణమే మధుమేహులకు మందయింది. 1950లలో టాల్బుటమైడ్, 1960ల చివర గ్లిబెన్‌క్లమైడ్ ఆ వంశంలో వచ్చాయి. గ్లిబెన్‌క్లమైడ్ చవక, బలమైనది, శరీరంలో చాలాసేపు ఉంటుంది. కడుపులో అన్నం ఉన్నదా లేదా అని అది అడగదు.

*

ఇంతవరకూ ఇది టొరాంటో, మాంపెలియేల కథ. మా అడవి అంచున ఈ కథ మరొక దారిన, చాలా ముందుగా నడిచిందని నా అభిప్రాయం. ఆ దారి పేరు చలిజ్వరం.

భద్రాచలం ప్రాంతం పాలకుల పటాలలో స్థిరంగా ఉన్న కాలం తక్కువ. మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని అప్పర్ గోదావరి జిల్లా, 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లా, 1959లో ఖమ్మం జిల్లా, 2014లో చుట్టుపక్కల మండలాలు పోలవరం కారణంగా ఆంధ్రప్రదేశ్‌కు, 2016లో పట్టణం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు. ఎవరి ఏలుబడిలో ఉన్నా మారనిది ఒక్కటే: వానలు తగ్గగానే వచ్చే జ్వరం.

1860లలో ఆర్థర్ కాటన్ దొరగారి కలను అనుసరించి, గోదావరిమీద పడవలను మధ్య భారతందాకా నడపాలని కెప్టెన్ హేగ్ ఆధ్వర్యంలో దుమ్ముగూడెం దగ్గర ఆనకట్టా కాలువలూ కట్టడం మొదలుపెట్టారు. కూలీలను జ్వరం నిలవనీయలేదు. ఖర్చూ కష్టమూ పెరిగి 1871లో ఆ ప్రయత్నాన్ని వదిలేశారు. దుమ్ముగూడెంలో ఆ శిథిలాలు చూసిన ప్రతిసారీ, ఇక్కడ ఓడిపోయింది ఇంజనీర్లు కాదు, దోమ గెలిచింది అనిపిస్తుంది. ఆ దోమ సంగతి లోకానికి తెలియడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు.

జ్వరానికి అప్పుడున్న మందు క్వినైన్. 1820లో పారిస్‌లో సింకోనా బెరడునుండి వేరు చేసిన ఆ చేదును, 1860ల తరువాత నీలగిరులలోనూ డార్జిలింగ్ కొండలలోనూ తోటలు వేసి మన దేశంలోనే తయారు చేశారు. 1892నుండి బెంగాలులో తపాలా కచేరీలలో చిన్న పొట్లాలుగా అమ్మారు. ఆ పద్ధతి తరువాత ఇతర రాష్ట్రాలకూ పాకింది. మా నాయనమ్మ తరం దాన్ని "కొయినా" అనేది. ఎవరైనా కటువుగా మాట్లాడితే "కొయినా మింగినట్టున్నాడు" అనేవారు.

ఆ కొయినాలో ఒక రహస్యం ఉంది. అది మలేరియా క్రిమిని చంపడంతో పాటు క్లోమాన్ని కూడా తట్టి లేపుతుంది. ఇన్సులిన్ ఊరుతుంది. చక్కెర పడిపోతుంది. దీన్ని స్పష్టంగా నిరూపించింది చాలా ఆలస్యంగా, 1983లో. థాయిలాండ్‌లో తీవ్రమైన మలేరియా రోగులను పరిశీలించిన నికొలస్ వైట్, డేవిడ్ వారెల్ బృందం, క్వినైన్ ఎక్కించినవారిలో ఇన్సులిన్ పెరిగి చక్కెర ప్రమాదకరంగా తగ్గుతున్నదని ప్రకటించింది. గర్భిణులకు ఆ ప్రమాదం మరీ ఎక్కువ. మలేరియా క్రిమి స్వయంగా గ్లూకోజును తినేస్తుంది. రోగికి తిండి సహించదు. కాలేయంలో నిల్వ తరిగిపోతుంది. దానిమీద కొయినా. రోగి మగతలో మునిగితే జ్వరం మెదడుకెక్కిందనుకోవడం సహజం. అది కొంతవరకు నిజం కూడా. కాని ఆ మగతలో ఎంత పాలు జ్వరానిది, ఎంత పాలు చక్కెర లేమిది అని విడదీసి చూసే సాధనం ఆ రోజుల్లో మన్యంలో ఎవరి దగ్గరా లేదు.

హైమెండార్ఫ్ 1940ల మొదట్లో గోదావరి కొండల రెడ్ల మధ్య నివసించి రాసిన పుస్తకం 1945లో వచ్చింది. కరవు నెలల్లో వారు జీలుగు చెట్టు బోదెనుండి తీసిన పిండితోనూ మామిడి జీడితోనూ కడుపు నింపుకోవడం గురించి అందులో చదివినప్పుడు నా మనసులో ఒక లెక్క తేలింది. తిండి కరవయ్యే నెలలు ముందు, జ్వరం నెలలు వెనుక. పస్తు, జ్వరం, కొయినా ఒకదాని వెనుక ఒకటి. ఇది నా ఊహే. దీనికి ఆస్పత్రి లెక్కలు చూపలేను. కాని మధుమేహం అడవికి రాకముందే "లో షుగరు" ఇక్కడ మనుషులను తీసుకుపోయి ఉంటుందని, ఆ చావులన్నీ జ్వరం ఖాతాలోనో దయ్యం ఖాతాలోనో జమపడి ఉంటాయని నాకు గట్టిగా అనిపిస్తుంది. తరువాత వచ్చిన ఆర్టెసునేట్ అనే మందు క్వినైన్‌కంటె ఎక్కువ ప్రాణాలు కాపాడుతుందని 2005లో ఆసియాలోనూ 2010లో ఆఫ్రికాలోనూ జరిగిన పెద్ద పరీక్షలు తేల్చాయి. చక్కెర పడిపోవడం కూడా దానితో తక్కువ.

చరిత్రకు హాస్యప్రియత్వం ఉంది కాబోలు. మలేరియాకోసం పుట్టిన హైడ్రాక్సీక్లోరోక్విన్‌కు కూడా చక్కెర తగ్గించే గుణం ఉంది. 2014లో మన దేశంలో దాన్ని మధుమేహానికి తోడు మందుగా అనుమతించారు.

*

ఇక రెండవ సంఘటన. ఇది మా ఇంట్లో 1976లో జరిగింది. అప్పటికి నేను పుట్టలేదు. పెద్దమ్మ చెప్పగా విన్నది.

1953లో దేశమంతటా మలేరియా అదుపు కార్యక్రమం మొదలైంది. డీడీటీ చల్లారు. 1958లో దాన్ని నిర్మూలన కార్యక్రమంగా మార్చారు. 1965 నాటికి దేశంలో కేసులు లక్షకు దిగిపోయాయి. ఇక జ్వరం పీడ వదిలిందనుకున్నారు. పదేళ్ళు తిరగకుండా అది మళ్ళీ లేచింది. 1976లో అరవై నాలుగు లక్షల కేసులు. ఆ లక్షలలో ఒకరు మా పెదనాన్న. చర్ల దగ్గర ఒక గూడెంలో కొత్తగా చేరిన పంతులు. వయసు ఇరవై ఏడు. నెత్తురు చుక్క తీసుకున్నారు, బిళ్ళలు ఇచ్చారు. క్లోరోక్విన్‌తో పాటు, కాలేయంలో దాగిన క్రిమి మళ్ళీ తిరగబెట్టకుండా ప్రైమాక్విన్.

మూడో రోజుకు మూత్రం చిక్కటి కాఫీ రంగులో వచ్చిందట. కళ్ళు పచ్చబడ్డాయి. మంచంమీదనుండి లేవలేకపోయారు. పసిరికలు అన్నారు. పసరు పోయించారు. బిళ్ళలు ఎట్లాగూ మానేశారు కనుక వారం పది రోజులకు తేరుకున్నారు. గుణం పసరుకు దక్కింది. ఆ తరువాత మా ఇంట్లో "ఆ బిళ్ళ మన వంటికి పడదు" అనే మాట ఒకటి మిగిలింది. ఎందుకు పడదో ఎవరూ అడగలేదు.

ఎందుకు పడదో అప్పటికి ఇరవై ఏళ్ళ కిందటే తెలిసిన సంగతి. అమెరికాలో ఇల్లినాయ్ జైలులోని ఖైదీలపై ప్రైమాక్విన్ పరీక్షలు జరిపినప్పుడు కొందరికి, ముఖ్యంగా నల్లజాతివారికి, ఎర్ర కణాలు చితికి మూత్రం నల్లబడింది. 1956లో ఆల్వింగ్, కార్సన్ బృందం కారణం కనిపెట్టింది. వారి ఎర్ర కణాలలో గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేస్ అనే ఎంజైము లోపించింది. దాన్నే పొట్టిగా జీ6పీడీ అంటారు.

ఇక్కడే నేను ఆగిపోయిన చోటు. చక్కెర అంటే ఇంధనమని మనకు తెలుసు. కాని చక్కెరకు మరొక ఉద్యోగం ఉంది. గాలి తగిలిన ఇనుముకు తుప్పు పట్టినట్టు, ప్రాణవాయువుతో బతికే ప్రతి కణానికీ లోలోపల తుప్పు పడుతూ ఉంటుంది. 1985లో హెల్ముట్ జీస్ ఈ స్థితికి పెట్టిన పేరును మనం ఆక్సీకరణ ఒత్తిడి అంటున్నాం. ఆ తుప్పును ఎప్పటికప్పుడు తుడిచేది గ్లూటాథయోన్ అనే పదార్థం. తుడిచి తుడిచి మాసిన ఆ గుడ్డను ఉతికి మళ్ళీ ఇచ్చేది ఎన్ఏడీపీహెచ్. దాన్ని తయారు చేసేది చక్కెరే. కణంలోకి వచ్చిన గ్లూకోజులో కొంత భాగం మంటకు పోకుండా పక్క కాలువలోకి మళ్ళుతుంది. ఆ కాలువ తూముమీద కూర్చున్న ఎంజైమే జీ6పీడీ. మిగతా కణాలకు వేరే దారులున్నాయి. ఎర్ర కణానికి మాత్రం ఆ తూము ఒక్కటే గతి. తూము ఇరుకైనవాడికి ప్రైమాక్విన్ వంటి తుప్పు పెంచే మందు ఇస్తే కణాలు చితికిపోతాయి.

ఇంత చేటు తెచ్చే లోపం ఎందుకు నిలిచింది? దానికీ సమాధానం మలేరియాయే. కొన్ని రక్త లోపాలు మలేరియానుండి కాపాడుతాయి కనుకనే నిలిచాయని 1949లో హాల్డేన్ సూచించాడు. ఈ హాల్డేనే తరువాత మన దేశానికి వచ్చి, భారతీయుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. 1954లో ఆంటొనీ ఆలిసన్ కొడవలి కణ లక్షణం విషయంలో దీన్ని ఆఫ్రికాలో చూపించాడు. మన దేశంలో కొడవలి కణాన్ని 1952లో నీలగిరి గిరిజనులలో మొదట గుర్తించారు. గోదావరి కోయలలోనూ అది ఉన్నది. జీ6పీడీ లోపం మన గిరిజనులలోనూ ఉన్నది, మైదానపు కులాలలోనూ ఉన్నది. తరతరాలు చలిజ్వరంతో పోరాడిన నేలమీద జ్వరం గెలిచినవారిని తీసుకుపోయింది. మిగిలినవారి నెత్తురులో తన ముద్ర వేసిపోయింది. మా పూర్వులు ఏ తరంలో ఈ అడవి అంచుకు చేరారో నాకు తెలియదు గాని, ఆ ముద్ర మాత్రం మాకూ పడింది.

*

నవమి తరువాత పెదనాన్నగారిని ఒక వైద్యుడికి చూపించాం. ఆయన మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించారు. 5.4 వచ్చింది. మధుమేహం లేనివారికి రావలసిన అంకె! "చూశారా, మందు మరీ ఎక్కువైపోయింది. అందుకే పడిపోతున్నారు" అని, ఆ బిళ్ళ మాన్పించి, రెండవ మందును సగం చేశారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అంకె అట్లాగే చెప్పింది. మేమూ సంతోషించాం. ఆరు నెలలకు మళ్ళీ 5.6. ఇంట్లో వేలిచుక్క పరీక్ష యంత్రం కొనే ఆలోచన మాకు రాలేదు. మంచి అంకె చేతిలో ఉండగా చెడ్డ అంకెను ఎవరు వెతుకుతారు?

ఏడాదిన్నరకు పెదనాన్నగారు పేపరు చదవడం మానేశారు. అక్షరాలు అలుక్కుపోతున్నాయన్నారు. శుక్లాలనుకున్నాం. కంటి వైద్యురాలు చూసి, కంటిపొరలో నెత్తురు చుక్కలున్నాయి, చక్కెర ఎంత ఉంది అని అడిగారు. పరగడుపున 238 వచ్చింది. అదే రోజు తీసిన హెచ్‌బీఏ1సీ మాత్రం 5.7!

ఏజెన్సీలో చాలాకాలం పనిచేసి వచ్చిన ఒక పెద్ద వైద్యుడు ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, చక్కెర గురించి కాక ఒక విచిత్రమైన ప్రశ్న వేశారు. "ఎప్పుడైనా మలేరియా బిళ్ళలు వేసుకున్నాక మూత్రం నల్లగా వచ్చిందా?" పెద్దమ్మ నోరు తెరిచి ఉండిపోయింది. ముప్పై ఏడేళ్ళనాటి కాఫీ రంగు మూత్రం సంగతి ఈ తెల్లకోటాయనకు ఎట్లా తెలిసింది?

సంగతి చాలా సులువు. 1960ల చివర టెహరాన్‌లో శామ్యూల్ రహబర్ అనే శాస్త్రవేత్త మధుమేహుల హిమోగ్లోబిన్‌లో ఒక తేడా గమనించాడు. అది హిమోగ్లోబిన్‌కు అంటుకున్న చక్కెర అని తరువాత తేలింది. ఎర్ర కణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అన్ని రోజులూ చక్కెర నీళ్ళలో ఈదుతూ కొంచెం కొంచెంగా పాకం పట్టించుకుంటుంది. ఆ పాకాన్ని కొలిస్తే గడచిన నెలల సగటు తెలుస్తుంది. కాని కణం అంతకాలం బతుకుతుందన్న నమ్మకంమీద కట్టిన లెక్క అది. తుప్పుకు తట్టుకోలేక కణాలు ముందే రాలిపోతుంటే, నెత్తురులో ఎప్పుడూ కుర్ర కణాలే ఎక్కువగా ఉంటాయి. వాటికి పాకం పట్టే వ్యవధి ఉండదు. అంకె తక్కువ వస్తుంది. చక్కెర మాత్రం తక్కువ కాదు. 2017లో వెలువడిన ఒక పెద్ద జన్యు పరిశీలన దీన్ని కొలిచి చూపింది. ఆఫ్రికన్ అమెరికన్లలో కనిపించే జీ6పీడీ మార్పు ఒకటి, అది ఉన్న మగవారిలో ఈ అంకెను సగటున 0.81 మేరకు తగ్గిస్తున్నది. లోపం రకాన్నిబట్టి ఈ తేడా మారుతుంది. పెదనాన్నగారికి పరీక్ష చేస్తే జీ6పీడీ లోపం ఉన్నట్టు తేలింది.

ఆయన మొదట మింగిన ఆ సల్ఫా వంశపు బిళ్ళ కూడా ఈ లోపం ఉన్నవారిలో కణాలను చితకగొట్టే అవకాశం ఉందని మందు కాగితంమీదే హెచ్చరిక ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. టైఫాయిడ్, మలేరియా, మధుమేహం మూడూ వచ్చి ఒక ముసలి పంతులు నరంలో కలుసుకున్నాయి.

*

ఇక చక్కెర ఎక్కువైనా తుప్పే, తక్కువైనా తుప్పే అన్న సంగతి. ఎక్కువైనప్పుడు కణాల్లోని పొయ్యిలు పొగ చిమ్మినట్టు ఆక్సీకరణ పదార్థాలు పుట్టి, రక్తనాళాలనూ కంటిపొరనూ మూత్రపిండాలనూ దెబ్బ తీస్తాయని మైకేల్ బ్రౌన్‌లీ 2001లో ఒక సిద్ధాంతంగా కూర్చి చెప్పాడు. తక్కువైనప్పుడు దెబ్బ ఆకలివల్లనే అనుకునేవారు. 2007లో ఎలుకలపై జరిగిన పరిశోధన ఒకటి వేరే మాట చెప్పింది. తీవ్రమైన చక్కెర లేమి తరువాత ఒక్కసారిగా గ్లూకోజు అందినప్పుడు, మెదడు కణాలలో ఒక ఎంజైము ఆ గ్లూకోజునే వాడుకుని తుప్పును పుట్టిస్తున్నదట. 2012లో చెరియెల్లో బృందం మనుషులలో చూసింది. చక్కెర పడిపోయినవారిని మామూలు స్థాయికి తేవడానికి బదులు మరీ పైకి తీసుకుపోతే రక్తనాళాలు ఎక్కువ దెబ్బ తింటున్నాయి.

దీన్ని చదివి పడిపోయినవాడికి తీపి పెట్టడం మానరాదు సుమా! చక్కెర లేక మెదడు ఆగిపోవడం అన్నిటికన్న పెద్ద ప్రమాదం. చెప్పేదల్లా ఈ ఉయ్యాల ఊగరాదని. 2008 ఫిబ్రవరిలో అమెరికాలో అకార్డ్ అనే పరీక్షలో కొంత భాగాన్ని మధ్యలో ఆపేశారు. పదివేలకు పైగా మధుమేహులలో సగంమందికి హెచ్‌బీఏ1సీని 6కు దించాలని గట్టి వైద్యం చేస్తే, ఆ సగంలో 257 మంది, మామూలు వైద్యం చేసిన సగంలో 203 మంది చనిపోయారు. కారణం చక్కెర పడిపోవడమేనా అన్న వాదన తెగలేదు. కాని అంకెను తరుముతూ పోతే మనిషి తప్పిపోవచ్చునన్న పాఠం మిగిలింది.

పెదనాన్నగారు రెండుసార్లు అంకెకు బలయ్యారు. మొదట చక్కెర తగ్గించాలన్న ఆత్రంలో, తరువాత తగ్గిందన్న భ్రమలో. ఆ పరీక్ష మంచిదే. కోట్లమందికి ఉపయోగపడుతున్నది. కాని ఆ కొలబద్ద వెనుక ఉన్నది మలేరియా ముద్ర పడని నెత్తురు. మన దేశంలో 2023లో వెలువడిన లెక్క ప్రకారం పది కోట్లమందికి మధుమేహం ఉన్నది. అది ఇప్పుడు ముంజలు అమ్మే కోయ స్త్రీ ఇంట్లో కూడా ఉన్నది. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక జొన్న అంబలి ముంతలు మెల్లగా అటకెక్కిన ఇళ్ళవి. అదే 2023 జూలైలో కొడవలి కణ నిర్మూలన పథకం కింద నలభై ఏళ్ళలోపు ఏడు కోట్లమందికి పరీక్షలు చేయాలని తలపెట్టారు. మంచి పని. ఆ పరీక్ష కాగితం చక్కెర వైద్యుడి బల్లమీదకు కూడా చేరితేనే దాని ప్రయోజనం పూర్తవుతుందని నా మనవి.

కనుక మిత్రులారా, మీలో ఎవరి ఇంట్లోనైనా పెద్దవాళ్ళుంటే మూడు ప్రశ్నలు అడగండి. మలేరియా మందు పడని కథ ఏదైనా ఇంట్లో ఉందా? వేలిచుక్కలో కనబడే చక్కెరా, మూడు నెలల అంకే ఒకే మాట చెబుతున్నాయా? ఉపవాసం ఉండే రోజున ఏ బిళ్ళ మానాలో వైద్యుణ్ణి ముందే అడిగారా? చెమట, వణుకు, మాట తడబాటు కనిపిస్తే తాగాడని తీర్పు చెప్పకముందు మూడు నాలుగు చెంచాల చక్కెర కలిపిన నీళ్ళు తాగించి, పావుగంట ఆగి, మళ్ళీ చూడండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, ఆస్పత్రికి పరుగెత్తండి. ఆ బిళ్ళ ప్రభావం గంటల తరబడి ఉంటుంది. తేరుకున్నాడని వదిలేయకండి.

పెదనాన్నగారికి కంటికి లేజరు చేశారు. పెద్ద అక్షరాలు చదువుతున్నారు. ఇప్పుడు హెచ్‌బీఏ1సీని నమ్మరు. గోడకు వేలాడే క్యాలెండరులో వేలిచుక్క అంకెలు రాసుకుంటారు, పంతులు గదా! జీ6పీడీ లోపం తల్లినుండి కొడుకుకు వస్తుంది. తండ్రి దాన్ని కూతురికి ఇస్తాడు. అందువల్ల ఆయన కూతురు, మా అక్క, కాన్పుకు ముందే ఆ సంగతి వైద్యులకు చెప్పింది. పుట్టిన మనవడికి పచ్చకామెర్లు పెరగకుండా మొదటిరోజునుండే కనిపెట్టుకుని చూశారు. వాడికీ తాతగారి తూమే వచ్చింది. ఏ మందులు పడవో రాసిన చీటీ ఒకటి వాడి టీకాల కార్డుకు కుట్టి ఉంది. 1976లో "మన వంటికి పడదు" అన్న ఒక్క మాటగా మిగిలిన చరిత్ర ఇప్పుడు కాగితంమీదకు ఎక్కింది.

పోయిన నవమికి వాణ్ణి ఎత్తుకుని పెదనాన్నగారు భద్రాచలం వచ్చారు. ఉపవాసం లేదు. ఇంటి దగ్గరే రెండు ఇడ్లీలు తిని వచ్చారు. రాముడు ఏమీ అనుకోడులే అన్నారు. కల్యాణం అయ్యాక పానకం ఇస్తే, ఒక్క గుక్క తాగి గ్లాసు నాకు ఇచ్చేశారు. నేను ముంజలమ్మే ఆవిడకోసం బాట పక్కన వెతికాను. కనబడలేదు.